ఇరవయ్యో తారీఖున ఎత్తని ఫోన్

2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి. ట్రాక్టర్ మీద పన్ను 12 శాతం నుంచి 5కి దిగింది. ఫెండర్, హుడ్, గ్రిల్, సైడ్ ప్యానెల్ లాంటి ట్రాక్టర్ విడిభాగాలు 18 నుంచి 5కి వచ్చాయి. మిగతా మోటారు బండ్ల విడిభాగాలు 28 నుంచి దిగి 18 దగ్గర ఆగాయి. కొనేవాడికి మంచి కబురే. ఒకే ప్రెస్సు మీద పొద్దున ట్రాక్టర్ ఫెండర్, సాయంత్రం ఆటో ముక్క కొట్టే చిన్న షెడ్డు యజమానికి మాత్రం అది కంప్యూటర్ ముందు కూర్చోబెట్టే కబురు.

కొన్న ఇనుప షీటు మీద పన్ను 18 శాతం. దాంతో చేసిన ఒక వస్తువు అమ్మితే 5, ఇంకోటి అమ్మితే 18. ఆగస్టులో 18 శాతంతో పంపిన ఫెండర్లు రిజెక్షన్‌లో పడి అక్టోబర్‌లో తిరిగొస్తే, వాటి క్రెడిట్ నోట్ పాత రేటుకే కొట్టాలి. 20న లారీ ఎక్కిన సరుకుకు 23న బిల్లు కొడితే ఏ రేటు? సీజీఎస్టీ చట్టం 14వ సెక్షన్ సారం ఇది: సరుకు వెళ్లడం, బిల్లు కొట్టడం, డబ్బు రావడం, ఈ మూడింటిలో ఏవైనా రెండు మార్పు తేదీకి ఏ పక్కన పడితే ఆ పక్క రేటు. చట్టం తేటగానే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక వస్తువుకు ఒకే రేటు గడి కనిపిస్తుంటే దాన్ని ఎలా నింపాలో మాత్రం చట్టం చెప్పదు. అది సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు చెప్పాలి. అలాంటి రోజున అందరి ఫోన్లూ ఒకేసారి వాళ్లకే మోగుతాయి.

ఆ ఫోన్ వాళ్లు ఎత్తకపోవడం పైకి మర్యాదలేనితనంలా కనిపిస్తుంది. నిజానికి దాని వెనుక గణితం ఉంది, అర్థశాస్త్రం ఉంది, ఇనుప షీటు స్వభావమూ ఉంది.

జహీరాబాద్‌లో నిలబడి చూస్తే ఇవన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి ముంబై వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో, చెరుకు, అల్లం పండే ఎర్ర నేలల మధ్య ఉన్న ఊరు ఇది. 1980లలో హైదరాబాద్ ఆల్విన్, జపాన్ నిస్సాన్ కలిసి ఇక్కడ తేలికపాటి లారీల ఫ్యాక్టరీ పెట్టాయి. తర్వాత అది మహీంద్రా చేతికి వచ్చింది. 2013లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మొదలైంది. ఇప్పుడు ఓజా ట్రాక్టర్లు తయారయ్యేది ఇక్కడే. మూడు చక్రాల బండ్లూ ఇక్కడ తయారవుతాయి. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 12 కొత్త పారిశ్రామిక నగరాల్లో ఓర్వకల్లు, కొప్పర్తిలతో పాటు జహీరాబాద్ పేరూ ఉంది. పెద్ద ఫ్యాక్టరీ ఉన్నచోట దాని చుట్టూ ప్రెస్ షాపులు, వెల్డింగ్ షెడ్లు, పౌడర్ కోటింగ్ యూనిట్లు వెలుస్తాయి. వీటిలో చాలావాటికి యజమానే మేనేజరు, ఒక అకౌంటెంటే కంప్యూటర్ విభాగం.

ఆ అకౌంటెంట్ ముందున్న తెర మీద సాధారణంగా ఉండేది టాలీ. దాని పుట్టుక తెలుసుకోదగ్గదే. బెంగళూరులో మిల్లులకు ముడిసరుకు, యంత్ర భాగాలు సరఫరా చేసే శ్యామ్ సుందర్ గోయెంకాకు తన లెక్కలకు సరిపడే ప్రోగ్రామ్ దొరకలేదు. గణితం చదివిన కొడుకు భరత్ చేత రాయించుకున్నారు. 1986లో ప్యూట్రానిక్స్ పేరుతో కంపెనీ మొదలైంది. అప్పటి లెక్కల ప్రోగ్రాములు ప్రతి ఖాతాకూ ఒక అంకె కోడ్ అడిగేవి. టాలీ ఆ బెడద తీసేసి పేరు కొడితే చాలన్నది. చేతి లెడ్జరు రాసే గుమాస్తాకు తెలియని కొత్త సంగతేదీ అది అడగలేదు. ఇరవై లక్షలకు పైగా వ్యాపారాలు వాడుతున్నాయని కంపెనీ చెప్పుకునే స్థాయికి అది ఎదగడానికి, నా లెక్కలో, సగం కారణం అదే. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

మిగతా సగం కారణం ఐదు వందల ఏళ్ల కిందటిది. 1494లో వెనిస్‌లో లూకా పచోలి అచ్చువేయించిన గణిత గ్రంథంలో జమాఖర్చుల జంట పద్దు పద్ధతి ఉంది. ప్రతి లావాదేవీ రెండు చోట్ల పడాలి, రెండు పక్కల మొత్తాలు సమానం కావాలి. జహీరాబాద్ వెల్డింగ్ షెడ్డుకూ, గుంటూరు మిర్చి కమీషన్ దుకాణానికీ, సూరత్ చీరల వ్యాపారికీ అదే సూత్రం. లెక్కల పుస్తకం అందరిదీ ఒకటే కనుక లెక్కల సాఫ్ట్‌వేర్ అందరికీ ఒకటే సరిపోతుంది. ఒకరికి వచ్చిన సందేహమే వెయ్యి మందికి వస్తుంది. జవాబు ఒకసారి రాసుకుంటే వెయ్యిసార్లు చదివి వినిపించవచ్చు.

ఫ్యాక్టరీ అలా కాదు. తయారీలో యజమానిని వేధించే ప్రశ్న జమాఖర్చులది కాదు: వచ్చే సోమవారం ఇవ్వాల్సిన సరుకుకు ఏ వస్తువు, ఎంత, ఎప్పుడు తెప్పించాలి? ఈ ప్రశ్నకు కంప్యూటర్ చేత జవాబు చెప్పించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి ట్రాక్టర్ల కంపెనీలోనే జరిగింది. 1960ల మొదట్లో అమెరికాలోని రేసీన్ పట్టణంలో జె.ఐ. కేస్ అనే వ్యవసాయ యంత్రాల కంపెనీలో జోసెఫ్ ఓర్లికీ ఈ పద్ధతిని పని చేయించాడు. 1975లో దాని మీద పుస్తకం రాశాడు. పద్ధతికి ఎంఆర్‌పీ అని పేరు. మన ప్యాకెట్ల మీద ఉండే ఎంఆర్‌పీ కాదు, సరుకు అవసరాల ప్రణాళిక. దానికి జీతాలు, లెక్కలు, అమ్మకాలు కలిపితే వచ్చిన దానికి గార్ట్‌నర్ సంస్థ 1990లో ఈఆర్‌పీ అని పేరు పెట్టింది. ఈ రోజు సేల్స్ కుర్రాడు ల్యాప్‌టాప్ తెరిచి రంగురంగుల గ్రాఫులతో చూపించే దాని గుండెకాయ ఇప్పటికీ ఓర్లికీ లెక్కే.

ఆ లెక్క వేసి చూద్దాం. ఒక షెడ్డుకు వెయ్యి బ్రాకెట్ల ఆర్డరు వచ్చిందనుకోండి. తయారై ఉన్నవి 150. చేయాల్సినవి 850. ఒక్కోదానికి రెండు వెల్డ్ నట్లు, అంటే 1,700. స్టోర్సులో 600 ఉన్నాయి, ఆర్డరు పెట్టినవి దారిలో 500 ఉన్నాయి. కొనాల్సినవి 600. నట్లు రావడానికి ఐదు రోజులు పడితే, వెల్డింగ్ మొదలయ్యే రోజు నుంచి ఐదు రోజులు వెనక్కి లెక్కపెట్టి ఆ తేదీన ఆర్డరు పెట్టాలి. అంతే. గుణించు, ఉన్నది తీసెయ్, రోజులు వెనక్కి జరుపు. ఇందులో ఎనిమిదో తరగతి దాటిన గణితం లేదు. వందల భాగాలకు, పది అంతస్తుల కూర్పులకు దీన్ని తప్పులేకుండా ప్రతిరోజూ చేయడమే కంప్యూటర్ గొప్ప.

ఇప్పుడు ఇనుము దగ్గరికి రండి. బ్రాకెట్‌కు 1.2 కిలోల రేకు కావాలి అని సాఫ్ట్‌వేర్‌లో రాసుకున్నాం. 850కి 1,020 కిలోలు. కాని ఇనుము కిలోల్లో దొరకదు, షీట్లలో దొరుకుతుంది. రెండున్నర మీటర్ల పొడవు, ఒకటింబావు మీటర్ వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం ఉన్న షీటు బరువు దాదాపు 122.7 కిలోలు. భాగిస్తే 102 బ్రాకెట్లు రావాలి. ఆకారం వంకర, ముక్కల మధ్య సందు వదలాలి, అంచు వదలాలి. 90 వస్తాయనుకుందాం. 850కి తొమ్మిది షీట్లు చాలవు, పది కావాలి. పది షీట్లంటే 1,227 కిలోలు. సాఫ్ట్‌వేర్ మాత్రం 1,020 వాడినట్టు రాసుకుని, మిగిలిన 207 కిలోలు స్టోర్సులో భద్రంగా ఉన్నాయని చూపిస్తుంది. వెళ్లి చూస్తే అక్కడున్నది దాదాపు 138 కిలోల స్క్రాపు, పదో షీటులో సగానికి పైగా మిగిలిన ఒక ముక్క. ఆ ముక్క 68 కిలోలు. చిన్న బ్రాకెట్లకు పనికొస్తుంది, పెద్ద ఫెండర్‌కు పనికిరాదు. తూకానికి సరుకు, పనికి సరుకు కాదు.

ఇది ఒక్క ఆర్డరు సంగతి. నెలకు ముప్పై ఆర్డర్లు ఇలా నడిస్తే తెర మీద టన్నుల ఇనుము కనిపిస్తుంటుంది, షెడ్డులో షీటు ఉండదు. దీనికితోడు షీటు మందంలో మిల్లు దగ్గరే కొద్ది తేడా ఉంటుంది. 5 అనుకున్నది 5.1 ఉంటే బరువు రెండు శాతం పెరిగింది, డబ్బు రెండు శాతం పెరిగింది, బ్రాకెట్లు మాత్రం అవే 90. కొన్నప్పుడు కాటా మీద కిలోలు, స్టోర్సులో షీట్లు, ప్రెస్సు దగ్గర ముక్కలు, అమ్మేటప్పుడు నంబర్లు, స్క్రాపు అమ్మేటప్పుడు మళ్లీ కిలోలు. ఒకే ఇనుము నాలుగు కొలతలు మారుతుంది. కొలతల మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో ఉండదని కాదు, ఉంటుంది. ఏ మార్పిడి ఎక్కడ పెట్టాలో తెలిసినవాడు మొదట్లో కూర్చుని పెట్టాలి. ఆ మనిషి ప్రెస్ షాపు ఎప్పుడూ చూడనివాడైతే, కోడ్ ఎంత గొప్పదైనా 207 కిలోల అబద్ధం మొదటి నెలే మొదలవుతుంది.

జింక్ ప్లేటింగ్‌కు పంపితే చిక్కు ఇంకో మెట్టు పైకి పోతుంది. లెక్కపెట్టి ముక్కలు పంపుతాం, ప్లేటింగ్‌వాళ్లు కిలోకు ఇంత అని బిల్లు వేస్తారు. జాబ్ వర్క్‌కు వెళ్లిన ముడిసరుకు ఏడాదిలోగా తిరిగి రాకపోతే, పంపిన రోజే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను, వడ్డీ కట్టమంటుంది 143వ సెక్షన్. జహీరాబాద్‌కు దీనికి తోడు సరిహద్దు కష్టం ఒకటుంది. మామూలుగా ఈ-వే బిల్లు 50 వేల రూపాయలు దాటిన సరుకుకే. రాష్ట్రం దాటి జాబ్ వర్క్‌కు పోయే సరుకుకు మాత్రం విలువతో పని లేదు, అది ఎంతైనా ఈ-వే బిల్లు కావాల్సిందే. గంటలోపు ప్రయాణమే అయినా బీదర్ వేరే రాష్ట్రం. సంగారెడ్డికి పంపితే అక్కర్లేని కాగితం, బీదర్‌కు ఆటోలో ఐదు వేల రూపాయల బ్రాకెట్లు పంపితే కావాలి. చెన్నైలోనో పుణెలోనో కూర్చుని ఫోన్ ఎత్తే కుర్రాడికి ఈ సంగతి తెలిసి ఉండాలని ఆశించలేం. అతని తెర మీద ఉన్న ప్రశ్నల జాబితాలో అది ఉండదు. ‘సార్, ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి’ అనేది ఉంటుంది.

స్టాకు లెక్క కొద్దిగా తప్పితే ఏమవుతుందిలే అనుకునేవాళ్ల కోసం ఒక చిన్న సంభావ్యత లెక్క. స్టోర్సులో నూటికి 95 వస్తువుల లెక్క సరిగ్గా ఉంది. మంచి మార్కులే. ఒక అసెంబ్లీకి 20 భాగాలు కావాలి. ఇరవైకి ఇరవై లెక్క ప్రకారం దొరికే అవకాశం ఎంత? 0.95ను ఇరవైసార్లు గుణిస్తే 0.36. అంటే మూడింట రెండుసార్లు ఏదో ఒకటి తక్కువ పడుతుంది, లైను ఆగుతుంది. లెక్క 90 శాతమే సరైతే అవకాశం 12 శాతానికి పడిపోతుంది. ఎంఆర్‌పీని ప్రచారం చేసిన ఆలివర్ వైట్ బృందం స్టాకు లెక్కలో కనీసం 95 శాతం, భాగాల జాబితాలో కనీసం 98 శాతం ఖచ్చితత్వం లేకుండా దీన్ని నమ్మొద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఇదే. చిన్న షెడ్డులో ఆ ఖచ్చితత్వం స్టోర్స్ కీపర్ చేతిలో ఉంటుంది. అతని జీతం మాత్రం సాధారణంగా అందరికంటే తక్కువ. సాఫ్ట్‌వేర్‌కు లక్షలు పెట్టి, దానికి అంకెలు తినిపించే మనిషి దగ్గర పొదుపు చేసే యజమానిని నేను సమర్థించలేను.

పెద్దవాళ్లకూ ఇది తప్పలేదు. 1999లో అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ వంద మిలియన్ డాలర్లకు పైగా పెట్టి మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లు ఒకేసారి మొదలుపెట్టింది. హాలోవీన్ పండుగ ముందు చాక్లెట్లు తయారై ఉన్నా దుకాణాలకు పంపలేక దాదాపు వంద మిలియన్ డాలర్ల ఆర్డర్లు పోగొట్టుకుంది. సరుకు పెట్టిన కొన్ని చోట్లు సాఫ్ట్‌వేర్‌కు తెలియవని అప్పటి వార్తలు రాశాయి. మరుసటి ఏడాది నైకీ వంతు. అది వాడిన ప్రణాళిక సాఫ్ట్‌వేర్ ఐ2 టెక్నాలజీస్‌ది. ఆ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన సంజీవ్ సిద్ధూ మన హైదరాబాద్‌లో పుట్టి ఉస్మానియాలో కెమికల్ ఇంజనీరింగ్ చదివినవాడు. నైకీ దగ్గర అడిగేవాళ్లు లేని బూట్లు ఎక్కువ, గిరాకీ ఉన్న బూట్లు తక్కువ తయారయ్యాయి. ఆ త్రైమాసికంలో అమ్మకాలు వంద మిలియన్ డాలర్లు తగ్గుతాయని 2001 ఫిబ్రవరిలో నైకీ ప్రకటించింది. నైకీ తనకు కావలసినట్టు మార్పులు మరీ ఎక్కువ చేయించుకుందని ఐ2 వాదన. ఈ దెబ్బలు తిని తట్టుకోవడానికి వాళ్ల దగ్గర డబ్బుంది. జహీరాబాద్ షెడ్డుకు రెండు నెలలు బిల్లులు ఆగితే బ్యాంకు వాయిదా ఆగుతుంది.

మార్పులు చేయించుకోవడం, అంటే కస్టమైజేషన్, మన దగ్గరా ఉంది. టాలీకి టీడీఎల్ అనే సొంత భాష ఉంది. టాలీ అమ్మే స్థానిక డీలర్ దగ్గర పనిచేసే కుర్రాడు ఆ భాషలో చిన్న ఫైలు రాసి, పెద్ద ఫ్యాక్టరీ అడిగిన తీరులో బిల్లు అచ్చయ్యేలా చేస్తాడు. ఎంతో ఉపయోగం. ఏడాది తర్వాత కొత్త వెర్షన్ వస్తుంది, పాత ఫైలు దాంతో కుదరదు. రాసిన కుర్రాడు ఈలోగా గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరి ఉంటాడు. అతను ఏం రాశాడో ఏ కాగితం మీదా ఉండదు.

ఇక ఫోన్ సంగతి. 1909లో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసే ఎ.కె. ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు ఒక ఎక్స్ఛేంజికి ఎన్ని లైన్లు కావాలన్న ప్రశ్నతో మొదలుపెట్టి, క్యూల గణితానికి పునాది వేశాడు. ఆ శాస్త్రంలో అన్నిటికంటే సరళమైన ఫలితం చాలు మనకు. ఫోన్ ఎత్తేవాడు ఒక్కడే. కాల్స్ ఎప్పుడు వస్తాయో తెలియదు, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో తెలియదు, సగటున పావుగంట. అతని పనిగంటల్లో సగం మాత్రమే నిండి ఉంటే, ఫోన్ చేసినవాడు సగటున పావుగంట ఆగాలి. 80 శాతం నిండితే గంట. 90 శాతం నిండితే రెండుంబావు గంటలు. 95 శాతం నిండితే దాదాపు నాలుగు గంటల ముప్పావు. పని 90 నుంచి 95కి పెరగడం అతనికి కొంచెమే, మనకు మాత్రం వేచి ఉండే సమయం రెట్టింపు దాటింది.

నెలవారీ జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1 గడువు 11వ తారీఖు, 3బీ గడువు 20. నెలంతా సగం ఖాళీగా ఉండే కుర్రాడు ఈ రెండు తారీఖుల ముందు నూటికి నూరు శాతం దాటిపోతాడు. నూరు దాటితే ఆ సూత్రంలో జవాబే లేదు, క్యూ పెరుగుతూనే ఉంటుంది. డీలర్ ఇద్దరిని పెట్టుకుంటే తీరుతుంది కదా అంటారు. నిజమే, చాలావరకు తీరుతుంది. కాని నెలలో ఇరవై రోజులు ఇద్దరికీ పని ఉండదు. ఆ జీతం ఎవరు భరించాలి? లైసెన్సు అమ్మినప్పుడు వచ్చే కమీషన్ ఒక్కసారిదే. ఏటా వచ్చే రెన్యువల్ డబ్బులో అతని వాటా చిన్నది. కొత్త గిరాకీ పట్టేవాడికి ఇన్సెంటివ్ ఉంటుంది, పాత గిరాకీ ఫోన్ ఎత్తేవాడికి తిట్లుంటాయి.

యజమాని మంచి సపోర్టుకు ఎక్కువ డబ్బు ఇస్తే? ఇక్కడ జార్జ్ అకెర్లాఫ్ వస్తాడు. సెకండ్ హ్యాండ్ కార్ల సంత మీద 1970లో ఆయన రాసిన వ్యాసాన్ని అంతకుముందు మూడు పత్రికలు తిప్పి పంపాయి. 2001లో దానికే నోబెల్ వచ్చింది. కారు ఎలాంటిదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కనుక కొనేవాడు సగటు ధరే ఇస్తాడు. మంచి కారున్నవాడికి అది గిట్టుబాటు కాదు, సంత వదిలిపోతాడు. మిగిలేవి డొక్కు కార్లు. సాఫ్ట్‌వేర్ సపోర్టుకు ఇది అచ్చంగా వర్తిస్తుంది. డెమో రోజున అందరూ ఫోన్ ఎత్తుతారు. సపోర్టు ఎంత మంచిదో మొదటి సంక్షోభం వచ్చేదాకా తెలియదు. అప్పటికి మూడేళ్ల లెక్కలు ఆ సాఫ్ట్‌వేర్ కడుపులో ఉంటాయి, బయటికి రావడం కష్టం. ముందే తెలియదు కనుక కొనేవాడు తక్కువ ధర చూసి కొంటాడు. మంచి సపోర్టు ఇచ్చేవాడు ఆ ధరకు నిలబడలేడు. మోసగాళ్లు ఎవరూ లేకుండానే సంత చెడిపోతుంది.

సోర్సు కోడ్ అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్ ఈ ముడిని కొంత విప్పుతుంది. ముంబైలో రుషభ్ మెహతా మొదలుపెట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ అలాంటిదే. అదీ కుటుంబ వ్యాపారానికి సరిపడే సాఫ్ట్‌వేర్ దొరకని ఇబ్బందిలోంచి పుట్టిందే. రాసిన కంపెనీ ఫోన్ ఎత్తకపోతే ఇంకొకరిని పెట్టుకోవచ్చు, కోడ్ చేతిలో ఉంది. ఆ ఇంకొకరు జహీరాబాద్‌లో దొరుకుతారా అన్నది వేరే సంగతి. హైదరాబాద్‌లోనే 1992లో పుట్టి విదేశాలకూ పాకిన ఫోకస్ సాఫ్ట్‌నెట్ లాంటి కంపెనీలు మనకున్నాయి. కంపెనీ రాజధానిలో ఉన్నంత మాత్రాన మనిషి షెడ్డుకు వస్తాడని కాదు.

ఏ సాఫ్ట్‌వేరూ వద్దు, పాత పుస్తకాలే మేలు అనే దారి ఇప్పుడు చాలామందికి మూసుకుపోయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలుగా నమోదైనవి, చిన్న ప్రైవేట్ లిమిటెడ్‌లు సహా, కంప్యూటర్‌లో లెక్కలు రాస్తే ప్రతి దిద్దుబాటునూ తేదీతో నమోదు చేసే సాఫ్ట్‌వేరే వాడాలి. ఆ నమోదును ఆపే వీలుండకూడదు. అదే ఏడాది ఆగస్టు 1 నుంచి 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లందరికీ ఈ-ఇన్‌వాయిస్ వచ్చింది. అమ్మినవాడి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, బిల్లు నంబరు కలిపి 64 అక్షరాల ముద్ర తయారవుతుంది. అది లేని బిల్లుతో లారీ పెద్ద ఫ్యాక్టరీ గేటు దాటదు. పొరపాటున కొట్టిన బిల్లును పోర్టల్‌లో రద్దు చేసుకోవడానికి ఉన్న గడువు 24 గంటలు. శనివారం సాయంత్రం తప్పు జరిగితే సోమవారం ఎత్తే ఫోన్ ఎందుకు?

న్యాయం ఎక్కడ అడగాలన్నది యజమానులు ముందే తెలుసుకోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం వ్యాపార ప్రయోజనం కోసం సేవ కొన్నవాడు వినియోగదారుడు కాడు. సొంత జీవనోపాధి కోసం స్వయంగా పనిచేసుకునేవాడికి మినహాయింపు ఉంది. పది మందిని పెట్టుకున్న షెడ్డు ఆ మినహాయింపులోకి వస్తుందని నిరూపించడం తేలిక కాదు. మిగిలేది సివిల్ కోర్టు. ఒప్పందంలో చిన్న అక్షరాల్లో నష్టపరిహారం మీరు కట్టిన ఫీజును మించదని సాధారణంగా రాసే ఉంటుంది.

కనుక పట్టుబట్టాల్సింది సంతకం ముందే. మీ లెక్కలూ స్టాకూ మొత్తం ఎక్సెల్‌లోకి ఎప్పుడంటే అప్పుడు తీసుకునే హక్కు కాగితం మీద రాయించండి. కస్టమైజేషన్ చేస్తే ఆ ఫైలు, దాని వివరణ మీకు అప్పగించాలని రాయించండి. డెమోలో వాళ్ల నమూనా కంపెనీని చూడొద్దు. మీ బ్రాకెట్, మీ షీటు, మీ బీదర్ ప్లేటింగ్ చలాన్ ఇచ్చి, స్క్రాపు ఎక్కడ పడుతుందో చూపించమనండి. వాళ్ల పాత ఖాతాదారులు ఇద్దరికి ఏదో ఒక నెల 19న ఫోన్ చేసి, కిందటి నెల ఎంతసేపు ఆగారో అడగండి. అకెర్లాఫ్ సంతలో నిజం తెలిసే దారి అదొక్కటే.

ఇంకొకటి యజమానులు విడివిడిగా చేయలేరు. ఒక్క షెడ్డు ఒక మంచి ఈఆర్‌పీ మనిషిని జీతమిచ్చి పెట్టుకోలేదు. పాతిక షెడ్లు కలిస్తే ఇద్దరిని పెట్టుకోవచ్చు. వాళ్లు ప్రెస్ షాపు చూస్తారు, తెలుగు, ఉర్దూ, కన్నడ మాట్లాడతారు, డీలర్ కమీషన్‌తో వాళ్లకు పని లేదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్లలో ఉమ్మడి సదుపాయాల కేంద్రాలకు సాయం చేసే పథకం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. కొత్త పారిశ్రామిక నగరంలో రోడ్లు, నీళ్లు, కరెంటు ఎలాగూ వస్తాయి. అందులో ఒక గది, ఇద్దరు మనుషులు కావాలని జహీరాబాద్ చిన్న పరిశ్రమల యజమానులు ఇప్పుడే, ప్లాట్లు పంచకముందే, రాతపూర్వకంగా అడగాలి.